తూటా ఇరుక్కుంది!

1967 ఏప్రిల్ నెలాఖరు. వియత్నాంలోని ఖేసాన్ కొండలు. పైన బంకర్లలో ఉత్తర వియత్నాం సైనికులు. కింది నుంచి ఎక్కుతున్నది అమెరికా మెరైన్లు. వాళ్ల చేతుల్లో కొత్తగా వచ్చిన ఎం16 రైఫిళ్లు. ట్రిగ్గర్ నొక్కారు... పేలింది. మళ్లీ నొక్కితే చాలామంది తుపాకులు మొరాయించాయి. పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం లోపలే బిగుసుకుపోయింది. అది బయటికి రాకపోతే తర్వాతి తూటాకి చోటే లేదు. ఇక దారి ఒక్కటే, బ్యారెల్ మూతిలోంచి ఇనుప చువ్వ దూర్చి పొడవడం. అదీ ఎదుటివాడు కాలుస్తుండగా! ఆ చువ్వయినా అందరి దగ్గరా లేదు.

తప్పెక్కడ జరిగిందో తెలియాలంటే ఇలాంటి రైఫిల్ ఎలా పనిచేస్తుందో చూడాలి. తూటాలోని మందు మండితే వచ్చే వాయువులో కొంత సన్నటి గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్టును నెడుతుంది. బోల్టు పోతూపోతూ ఖాళీ గొట్టాన్ని లాగి బయట పారేస్తుంది. ఆలోపు మ్యాగజైన్‌లోని స్ప్రింగు మరో తూటాను పైకి అందిస్తుంది. తిరిగొచ్చే బోల్టు దాన్ని ఛాంబర్‌లోకి తోస్తుంది. ఒక్కోటి కాల్చినా, వరసపెట్టి కాల్చినా లోపల జరిగేది ఇదే. రెప్పపాటులో ముగిసే ఈ తంతులో ఏ ఒక్కటి ముందూ వెనకా అయినా అంతే సంగతులు.

మందు మారింది...

యూజీన్ స్టోనర్ 1950ల్లో రూపొందించిన డిజైన్ నుంచి వచ్చిందే ఎం16. 1965లో ఇయాద్రాంగ్ లోయ పోరులో దాన్ని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే 1964లోనే తూటాల్లో మందు మార్చారు. దాంతో వరసగా కాల్చే వేగం నిమిషానికి వెయ్యి దాకా పెరిగింది. మసీ పెరిగింది. ఇత్తడి గొట్టం ఛాంబర్ గోడల్ని ఇంకా వదలకముందే బోల్టు లాగేసేది. పైగా ఛాంబర్‌కు క్రోమియం పూత లేదు. వియత్నాం చెమ్మకు తుప్పుపట్టి గరుకుదేలింది. వీటన్నిటినీ మించిన విడ్డూరం మరోటుంది. ఈ తుపాకీని పెద్దగా శుభ్రం చేయనక్కర్లేదన్న మాట ప్రచారమైంది. తుడుచుకునే సామగ్రి చాలామందికి ఇవ్వనేలేదు. తీరా అది ఆగిపోతే మాత్రం, సరిగ్గా తుడవట్లేదంటూ నింద సైనికుల మీదే పడింది!

ఆ కొండల మీద పోరాడిన ఓ మెరైన్ ఇంటికి ఉత్తరం రాశాడు. చనిపోయిన తమవాళ్లలో దాదాపు అందరి పక్కనా విప్పేసిన రైఫిళ్లే కనిపించాయన్నది అందులోని మాట. న్యూజెర్సీ పత్రిక ఒకటి 1967 మేలో దాన్ని అచ్చువేసింది. విషయం ప్రతినిధుల సభకెక్కింది. అదే నెలలో రిచర్డ్ ఇకార్డ్ అధ్యక్షతన ఉపసంఘం విచారణ మొదలుపెట్టింది. సైన్యం తీరు నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని అక్టోబరులో తేల్చి చెప్పింది. ఛాంబర్‌కు క్రోమియం పూత పడింది. వేగాన్ని అదుపుచేసే కొత్త బఫర్ వచ్చింది. కిట్లూ అందాయి. ప్రసిద్ధ కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్‌తో బొమ్మల పుస్తకం వేయించి మరీ తుపాకీని ఎలా చూసుకోవాలో నేర్పారు.

సైలెన్సర్‌తో కొత్త తంటా

అక్కడితో కథ అయిపోలేదు. 2022లో అమెరికా సైన్యం ఎంపిక చేసిన సిగ్ సావర్ రైఫిల్‌కు సైలెన్సర్ కూడా జత. సినిమాల్లోలా చప్పుడు మాయమైపోదుగానీ తగ్గుతుంది, కాల్చేవాళ్ల చెవులకు అదే మేలు. కానీ సైలెన్సర్ వాయువును కాసేపు పట్టి ఉంచుతుంది. అలా మామూలు రైఫిల్‌కు తగిలిస్తే వెనక్కి వచ్చే ఒత్తిడీ, మసీ ఎక్కువవుతాయి. బోల్టు జోరుగా కదులుతుంది. మ్యాగజైన్ స్ప్రింగు తర్వాతి తూటాను పైకి తెచ్చేలోపే ముందుకు దూసుకొచ్చేస్తుంది. తూటా అందదు, లేదా అడ్డంగా ఇరుక్కుంటుంది. అందుకే కొన్ని రైఫిళ్లకు వాయువును తగ్గించే ఏర్పాటు ఉంటుంది.

అన్నిసార్లూ తప్పు లోపలి యంత్రానిదే కాదు. 1999 కార్గిల్ యుద్ధంలో మన ఇన్సాస్ రైఫిళ్ల ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగిలాయన్న ఫిర్యాదులొచ్చాయి. వియత్నాంలోనూ అంతే. ఇరవై తూటాలు పట్టే మ్యాగజైన్‌లో పద్దెనిమిదే నింపుకునేవారు చాలామంది సైనికులు. ఆ రెండూ తగ్గితే స్ప్రింగు మీద భారం తగ్గి, మిగతావి సాఫీగా పైకొస్తాయని వాళ్ల నమ్మకం.