రాజూ మీరే... శత్రువూ మీరే!

సినిమా హాల్లో కూర్చుని మీరెన్నిసార్లు అనుకుని ఉంటారు, ‘ఆ సేనాపతి స్థానంలో నేనుంటేనా...!’ అని?

2015లో వచ్చిన ‘బాహుబలి’లో కాలకేయుల మీద మాహిష్మతి సైన్యం త్రిశూల వ్యూహం పన్నినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. నిజమే. కానీ ఒక్క మాట. ఆ యుద్ధంలో ఎవరు గెలవాలో దర్శకుడు షూటింగుకి ముందే రాసుకున్నాడు. మనకీ లోపల తెలుసు, హీరో గెలుస్తాడని!

ఎవరు గెలుస్తారో సృష్టించినవాడికే తెలియని యుద్ధం ఒకటుంది. దానికి కెమెరా అక్కర్లేదు, గుర్రాలక్కర్లేదు. ఒక గ్రాఫు కాయితం, పెన్సిలు, నోటు పుస్తకం, నాలుగు గవ్వలు చాలు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఎదుట కూర్చుని ఆడేందుకు రెండోమనిషి కూడా అక్కర్లేదు. అటు రాజూ మీరే, ఇటు రాజూ మీరే!

నందివెలుగులో మూడు రాజ్యాలు

1986 వేసవి. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. తెనాలి పక్కనే ఉన్న మా నందివెలుగు నుంచి సైకిలు మీద వెళ్ళి మార్నింగ్ షోలో ‘పాతాళభైరవి’ చూసొచ్చాను. ఎన్నోసారో గుర్తులేదు. ఆ మధ్యాహ్నం వడగాలికి బయటికి కదల్లేక, గ్రాఫు కాయితం మీద మా ప్రాంతాన్నే మరో లోకంగా గీశాను.

తూర్పున కృష్ణ. దక్షిణాన సముద్రం. పడమట కొండవీడు. నడుమ కాలవలు. పేర్లు మాత్రం మార్చాను. నందివెలుగు ఉన్న చోట నందిధ్వజం. నిజాంపట్నం దగ్గర ఓడల రాజ్యం మకరపురి. కొండవీటి కొండ మీద గిరిదుర్గం, అక్కడ రాజుకంటే బలవంతుడైన ఒక మాంత్రికుడు! నందిధ్వజానికి యువరాజు విజయకేతు. అతనికి నా మనసులో ఎవరి ముఖం ఉండేదో వేరే చెప్పాలా? తోటరాముడే!

మూడు రాజ్యాలు పెట్టడం కూడా తెలియక చేసిన మంచిపనే. రెండే ఉంటే ఆట కుస్తీ అవుతుంది. మూడోది ఉంటే ఒప్పందాలు, వెన్నుపోట్లు, పెళ్ళి సంబంధాలు అన్నీ వచ్చి చేరతాయి.

ఈ నేలకిది అలవాటే!

ఊహల్లో రాజ్యాలు కట్టడం మా తెనాలి వైపు వాళ్ళకు కొత్తేమీ కాదు. 1947 జులైలో ‘చందమామ’ను నాగిరెడ్డితో కలిసి ప్రారంభించిన చక్రపాణిది తెనాలి. 1951లో ‘పాతాళభైరవి’ నిర్మాతలూ ఆ ఇద్దరే. ‘చందమామ’ను దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఇక దాసరి సుబ్రహ్మణ్యం సంగతి! తెనాలి దగ్గరి పెదగాదెలవర్రులో పుట్టిన ఆయన, 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి సీరియల్స్ ‘చందమామ’లో రాశారు. అచ్చులో ఆయన పేరు ఉండేది కాదు. ‘చిత్ర’ గీసిన బొమ్మలు చూస్తూ ఆ కోటల్లో, అడవుల్లో తిరిగినవాళ్ళలో చాలామందికి ఆ లోకాలన్నిటినీ ఒకే మనిషి కట్టాడని ఎన్నో ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

నిజం రాజ్యాలకూ ఇక్కడ కొదవలేదు. వెలనాటి చోళుల రాజధాని చందవోలు ఎంతో దూరం కాదు. ఆ పైన పల్నాడు ఉండనే ఉంది. కోడిపందెం ఓడి, ఆడిన మాటకు కట్టుబడి బ్రహ్మనాయుడి వర్గం ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళిందని వీరగాథ చెబుతుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

సీమలోనూ ఇదే పిచ్చి

నాకంటే ముందు ఈ ఆట ఎవరూ ఆడలేదనే అనుకున్నానప్పుడు. పొరపాటు! 1824 నాటికే ప్రష్యా సైన్యాధికారులు పటం పరచి, పాచికలు వేసి యుద్ధాలు నేర్చుకున్నారు. రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో బొమ్మ సైనికుల యుద్ధాలకు నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ పేరుతో పుస్తకమే వేశాడు.

అందరిలోకీ ఘనుడు టోనీ బాత్ అనే ఇంగ్లీషాయన. ‘కోనన్’ కథల్లోని హైబోరియా లోకాన్ని తీసుకుని, దాని పటం మీద ఏళ్ళ తరబడి రాజ్యాలను నడిపాడు. 1982లో ఆర్నాల్డ్ స్వార్జెనెగర్‌ను తెరమీద కండలవీరుణ్ణి చేసిన ‘కోనన్ ది బార్బేరియన్’ ఉందే, ఆ కోనన్ లోకమే! కొన్ని రాజ్యాలను మిత్రులు ఏలినా లోకం లెక్కంతా బాతే చూసుకున్నాడు. రాజులు, సేనాపతుల స్వభావాలు నిర్ణయించడానికి పేకముక్కలు తీసేవాడట. 1973లో ఈ విద్యంతా ఒక పుస్తకంగా రాశాడు. ఆ సంగతి చదివాక నేనూ ముక్కలు తీశాను. ఆఠీను వస్తే దయ, డైమను వస్తే ధనాశ, కళావరు వస్తే కోపం, ఇస్పేటు వస్తే కుట్ర. తీరా చూస్తే మా మాంత్రికుడికి ఆఠీను రాజు వచ్చింది! విలనుకి దయాగుణం వస్తే ఏం చెయ్యాలి? అక్కడే కథ కొత్తదారి పట్టింది.

గవ్వల లెక్క

‘రెండు పక్కలా నువ్వే ఆడితే ఎదుటివాడి ఎత్తు నీకు ముందే తెలిసిపోదా?’ అని మీరడగొచ్చు. దానికే గవ్వలు.

ప్రతి నెలా ప్రతి రాజ్యానికీ మూడు ఉపాయాలు రాసుకోవాలి. ఒకటి ఆ రాజు మామూలుగా చేసే పని. రెండోది కొంచెం సాహసం. మూడోది ఎవరూ ఊహించని వెర్రి పని. రాసేశాకనే గవ్వలు వెయ్యాలి. అష్టాచెమ్మ ఆడినవాళ్ళకు తెలుసు, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, పదహారు వేతల్లో సగటున ఎనిమిదిసార్లు ఒకటి గాని మూడు గాని పడుతుంది. అప్పుడు మామూలు పని. ఆరుసార్లు రెండు పడుతుంది. అప్పుడు సాహసం. చెమ్మ, అష్ట కలిపి రెండేసార్లు. అప్పుడు వెర్రి పని!

ఆదాయం లెక్క కూడా కావాలి. ఊరికి నెలకు పది వరహాలు, వందమంది బంట్ల జీతం నెలకు పది వరహాలు అనుకోండి. పది ఊళ్ళ రాజు వెయ్యిమందికి మించి పోషించలేడు. కోతలప్పుడు యుద్ధానికి పోతే ఆ నెల ఆదాయం సున్నా. వానాకాలంలో మా రేగడి నేలలో బండి కదలదు గనుక సైన్యం వేగం సగం. ఈ రెండు నియమాలతోనే నా రాజులకు చాలావరకు బుద్ధొచ్చింది!

ఆ రాత్రి ఏం జరిగిందంటే...

ఆటలో రెండో సంవత్సరం. మకరపురి ఓడలు కాలవల్లోకి వచ్చేశాయి. నందిధ్వజం కోటకు ముట్టడి. చెమ్మ గాని అష్ట గాని పడితే కోట తలుపు విరిగినట్టే. ఎనిమిదింట ఒక్క అవకాశం. భయమేముంది? గవ్వలు వేశాను.

నాలుగూ బోర్లా పడ్డాయి. అష్ట!

గుండె ఝల్లుమంది. లాంతరు వెలుగులో అటూ ఇటూ చూశాను. చూపుడువేలితో ఒక్క గవ్వని... ఒకే ఒక్కదాన్ని... వెల్లకిలా తిప్పాను. పడింది ఒకటి. కోట నిలిచింది. విజయకేతుకి జై!

“అన్నయ్యా, గవ్వ తిప్పావు కదూ?”

మంచం మీద నిద్రపోతోందనుకున్న మా చెల్లెలు!

“నీకెందుకే? ఇది నా ఆట” అన్నాను.

“నీ ఆటే అయితే నాకు భయపడి అటూ ఇటూ చూశావెందుకు?” అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఆ మర్నాడూ అంతే. గెలిచిన రాజ్యంలో చేయడానికి పనేమీ కనిపించలేదు. ఏ ముట్టడి వచ్చినా గవ్వ తిప్పేవాణ్ణి నేను పక్కనే ఉన్నాను కదా! ఇక ఎవరికి భయం? పటం మీదున్నవి రాజ్యాల్లా కాక పెన్సిలు గీతల్లా కనిపించాయి. పదిహేను రోజులు ఆట మూలపడింది.

చివరికి ఒక సాయంత్రం ఆ వాక్యం కొట్టేసి, దాని మీద ‘అష్ట’ అని రాశాను. కోట కూలింది. విజయకేతు ఏడుగురు అనుచరులతో రాత్రికి రాత్రి కాలవ పడవలో పారిపోయాడు. కోడిపందెం ఓడినవాళ్ళు ఏడేళ్ళు అడవులు పట్టిపోగా లేనిది, గవ్వలు ఓడినవాడికి ప్రవాసం తప్పుతుందా?

చిత్రమేమిటంటే ఆట అసలు రుచి అప్పుడే తెలిసింది. యువరాజు లంకల్లో దాక్కున్నాడు. దయగల మాంత్రికుడు తన రాజుకు తెలియకుండా అతనికి ధాన్యం పంపాడు. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుని, చెరలో ఉన్న రాణిగారి ఉత్తరాలు తనే రాస్తానంది. రాసింది కూడా. నాకంటే బాగా!

విజయకేతు మళ్ళీ సింహాసనం ఎక్కాడా అంటారా? ఎక్కలేదు. గవ్వలు ఒప్పుకోలేదు. మకరపురిని చివరికి గిరిదుర్గం మింగింది. మన హీరో రేవులో పడవ నడుపుకుంటూ ఉండిపోయాడు. ఏ నిర్మాతా ఒప్పుకోని క్లైమాక్స్! అయినా ఎన్నో సినిమాల్లో గెలిచిన హీరోల పేర్లు మరిచిపోయాను గాని, ఆ పడవవాణ్ణి మరిచిపోలేదు.

మరి మీరు?

ఇప్పుడు ఫోన్లోనే రాజ్యాలు ఏలే ఆటలు బోలెడున్నాయి. ఆడండి, కాదనను. కానీ అక్కడ లెక్క చూసేది యంత్రం. ఓడితే ఒప్పుకోక తప్పదు. ఇక్కడ లెక్క చూసేది మీరే గనుక, ఒప్పుకోవలసిందీ మీరే.

ఈ ఆదివారం సెకండ్ షో టిక్కెట్లు దొరక్కపోతే, మీ ఊరినే ఓ కాయితం మీద గీయండి. చెరువును సముద్రం చెయ్యండి, గుట్టను కోట చెయ్యండి. గవ్వలకోసం అమ్మనడగండి, ఏ డబ్బాలోనో ఉండే ఉంటాయి.

అన్నట్టు, ఆడేటప్పుడు చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. నిద్రపోతోందని మాత్రం నమ్మకండి!