ఒకే ఉగాది, రెండు తేదీలు: కనియంబాడిలోను, డల్లాసులోను

వేలూరు నుంచి ఆరణి వెళ్ళే దారిలోని కనియంబాడిలోను, ఇటు గుడియాత్తం పరిసరాలలోను తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు కొందరు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2025 మార్చి 29, శనివారం రాత్రి అటువంటి ఇంటికి డల్లాసు నుంచి ఫోను వస్తే సంభాషణ ఎలా సాగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "అమ్మా, ఉగాది పచ్చడి తిన్నాం, ఆశీర్వదించు" అంటాడు కొడుకు. "ఈ రోజు అమావాస్య గదా నాయనా! ఉగాది రేపు గదా" అంటుంది తల్లి. పరదేశంలో బిడ్డ అమావాస్యనాడు సంవత్సరాది చేసుకున్నాడన్న బెంగ ఆమెను ఆ రాత్రి నిద్రపోనివ్వదు. ఎవరి క్యాలెండరు తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. అది తెలియాలంటే తిథి అంటే ఏమిటో మొదట గ్రహించాలి.

సూర్యునికి, చంద్రునికి మధ్య ఆకాశంలో ఉండే దూరం పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి ఒక తిథి పూర్తవుతుంది. తిథి సగటున 23 గంటల 37 నిమిషాలు ఉంటుంది. చంద్రుని వేగాన్ని బట్టి ఇది పెరుగుతుంది, తరుగుతుంది. తిథి ఆరంభమయ్యే క్షణం లోకమంతటికీ ఒక్కటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. చైత్ర శుద్ధ పాడ్యమి సూర్యోదయానికి ఏ రోజున ఉంటుందో ఆ రోజే ఉగాది అన్నది నియమం.

ఇప్పుడు 2025 లెక్క చూద్దాం. దృక్ గణితం ప్రకారం ఆ ఏటి పాడ్యమి కనియంబాడిలో మార్చి 29 సాయంత్రం 4 గంటల 28 నిమిషాల ప్రాంతంలో మొదలై, 30వ తేదీ మధ్యాహ్నం 12 గంటల 49 నిమిషాల వరకు ఉంది. 29న సూర్యోదయానికి అమావాస్య, 30న సూర్యోదయానికి పాడ్యమి. కనుక ఇక్కడ విశ్వావసు నామ సంవత్సరాది మార్చి 30న వచ్చింది.

అదే క్షణానికి డల్లాసులో 29వ తేదీ ఉదయం 5 గంటల 58 నిమిషాలు. అక్కడ సూర్యోదయం సుమారు 7 గంటల 15 నిమిషాలకు. అప్పటికే పాడ్యమి వచ్చేసింది. తెల్లవారితే 30వ తేదీ అనగా, రాత్రి 2 గంటల 19 నిమిషాలకు అది ముగిసింది. కొడుకు తల్లి మాట విని మరునాడు పండుగ చేసి ఉంటే, అది విదియనాడు చేసిన ఉగాది అయ్యేది!

ఏ సూర్యోదయాన్నీ తాకకుండానే తిథి గడిచిపోవడం కూడా ఉంది. దానిని క్షయ తిథి అంటారు. అప్పుడు పాడ్యమి వచ్చిన రోజునే ఉగాదిగా తీసుకుంటారు. 2026లో కనియంబాడికే ఈ స్థితి. మార్చి 19న సూర్యోదయం 6 గంటల 20 నిమిషాల లోపు. పాడ్యమి ఆరంభం 6 గంటల 53 నిమిషాలకు. ముగింపు మరునాటి సూర్యోదయానికి ముందే. అంటే సూర్యోదయ వేళ అమావాస్య ఉన్న రోజే మనకు పరాభవ నామ ఉగాది. అమావాస్య అన్న మాటకు భయపడనవసరం లేదని దీనివల్ల తేటపడుతుంది.

అయితే తేదీ ప్రతి ఏడూ మారదు. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9 ఇరుదేశాలకూ ఒక్కటే. గల్ఫు దేశాలలోని వారికి 2025లోనూ మన తేదీయే వర్తించింది. కాబట్టి విదేశాలలో ఉన్నవారు తాము నివసించే ఊరికి గణించిన పంచాంగాన్ని చూసుకోవాలి. ఇక్కడి గోడ క్యాలెండరును అక్కడ వ్రేలాడదీస్తే చాలదు.

పచ్చడి సంగతి మరొకటి. పచ్చి మామిడికాయలను, తాజా కరివేపాకును ప్రయాణికుల సామానులో అమెరికా అధికారులు అనుమతించరు. గత వేసవిలో నీడన ఎండబెట్టిన వేపపువ్వును పంపే తల్లులు, ఆహారపదార్థాలన్నిటినీ విమానాశ్రయంలో తప్పక తెలియజేయమని పిల్లలకు చెప్పాలి. బెల్లం, చింతపండు, మామిడి అక్కడి భారతీయ దుకాణాలలోనే దొరుకుతాయి.

సరిహద్దు తెలుగువారికి పొరుగువారితో తేదీ కలవని పండుగ కొత్త కాదు. తమిళుల పుత్తాండు సౌరమానాన్ని అనుసరించి ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది; మన ఉగాది చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. తమిళనాడు ప్రభుత్వ సెలవుల పట్టికలో రెంటికీ చోటున్నది. పొరుగింటి సంవత్సరాది వేరైనా ఎవరూ దిగులుపడరు. మరి కన్నబిడ్డ తేదీ ఒకరోజు ముందైతే దిగులెందుకు?

పైగా ఆ 2025లోనే ఒక చక్కని వేళ ఉంది. మార్చి 30 ఉదయం 6 గంటల 10 నిమిషాలకు కనియంబాడిలో సూర్యుడు ఉదయించే సమయానికి డల్లాసులో ఇంకా 29 రాత్రి 7 గంటల 40 నిమిషాలే. ఇక్కడ ఉగాది తెల్లవారింది, అక్కడ ఉగాది ఇంకా ముగియలేదు. ఆ వేళ తల్లి ఫోను చేసి ఆశీర్వదిస్తే, తేదీలు వేరైనా ఆ మాట ఇద్దరికీ పాడ్యమిలోనే వినబడుతుంది.