ఏడాదికి వేల గుడ్లు... ఏళ్లకో పిల్ల!

తొలకరి కురిసిన రాత్రి పొలాల్లో గోదురు కప్పల బెకబెకలు వినే ఉంటారు. ఆ రోజుల్లో మగకప్పను చూడాలి... ఒళ్లంతా పసుపు రాసుకున్నట్టు మెరిసిపోతుంది. గొంతుకు రెండు పక్కలా నీలిరంగు బుడగలు! జోడు కుదిరితే ఆడకప్ప ఆ వాననీటి గుంటల్లోనే వేలకొద్దీ గుడ్లు పెడుతుంది.

మరి సముద్రంలో తిరిగే మాంటా రే సంగతో? టేకు చేపల్లో ఇదే అతిపెద్దది. రెక్కలు చాపితే ఏడు మీటర్ల దాకా ఉంటుంది. ఇంత భారీ జీవి తినేది నీటిలో తేలే సూక్ష్మజీవుల్నే. సుమారు ఏడాది మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మళ్లీ కాన్పు కొన్నేళ్ల తర్వాతే.

రెండూ వెన్నెముక ఉన్న జీవులే కానీ, చుట్టరికం అంతవరకే. టేకుకు వెన్నుతో సహా అస్థిపంజరమంతా మృదులాస్థే, మన చెవి డొప్పలో ఉన్నట్టు. అందుకే అది సొరచేపల దాయాది. కప్పకు గట్టి ఎముకలున్నాయి, అది ఉభయచరం. వంశవృక్షం గీస్తే కప్పకు టేకు కంటే మనమే దగ్గర బంధువులం!

కప్ప చిన్నప్పుడు నీటిలో మొప్పలతో, పెద్దయ్యాక ఊపిరితిత్తులతోనూ చర్మంతోనూ శ్వాసిస్తుంది. ఎండాకాలమంతా మట్టిలో దాక్కుంటుంది. వెచ్చని సముద్రాల్లో తిరిగే మాంటాకు ఆ వెసులుబాటు లేదు. ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరు చేరుతుంది. వలలో చిక్కి ఆగిందా... ఊపిరాడదు.

చైనా సంప్రదాయ వైద్యం కోసం దాని మొప్పలకు గిరాకీ పెరిగింది. వేరే చేపల కోసం వేసిన వలల్లోనూ పడుతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2020లో దాన్ని అంతరించే ముప్పున్న జీవుల్లో చేర్చింది. గోదురు కప్పకు మాత్రం ఆ జాబితాలో పెద్దగా ఆందోళన అక్కర్లేదు.

అలాగని కప్పేమీ సుఖంగా బతకలేదు. ఒకప్పుడు దాని కాళ్లను కోసి మన దేశం నుంచి టన్నులకొద్దీ విదేశాలకు పంపేవారు. కప్పలు తగ్గితే పంటలపై పురుగులు పెరుగుతాయన్న ఆందోళన రేగింది. చివరికి 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత వేల గుడ్ల బలమే కప్పకు అండగా నిలిచింది. మాంటాకు ఆ బలం లేదు. ఇవాళ వేట మొత్తం ఆపేసినా పోయిన సంఖ్య పూడటానికి దశాబ్దాలు పడుతుంది.

ఇక అండమాన్‌ దీవుల్లో కథ మరోలా ఉంది. బయటి నుంచి వచ్చి చేరిన ఈ గోదురు కప్పలు అక్కడ విపరీతంగా పెరిగిపోయాయి. వాటి తోకకప్పలు స్థానిక కప్పల పిల్లల్ని తినేస్తున్నాయి.