వృత్తి క్రీడాకారుల అందుబాటు, క్లబ్ రగ్బీ భవితవ్యం

1995లో రగ్బీ యూనియన్ వృత్తి క్రీడగా మారిన తర్వాత ఐర్లండ్‌లోని మేటి ఆటగాళ్లు లీన్‌స్టర్, మన్‌స్టర్ వంటి నాలుగు ప్రాంతీయ జట్లలో జీతానికి చేరడంతో, ఆల్ ఐర్లండ్ లీగ్‌లో ఆడే క్లబ్బులకు వారు తీరిక దొరికిన వారాల్లోనే దక్కుతున్నారు.

స్క్రమ్‌లో, అంటే ఇరుజట్ల నుంచి ఎనిమిదేసి మంది ఒకరినొకరు పట్టుకొని ఎదురెదురుగా నెట్టుకొనే ఘట్టంలో, ముందువరుస ముగ్గురికీ మెడ, వెన్ను భద్రత కోసం ప్రత్యేక శిక్షణ తప్పనిసరి కనుక, వారిలో ఒక్కరు రాకపోయినా ఆ స్థానాన్ని భర్తీ చేయడం కష్టం.

దాడిని నడిపించే పదో నంబరు ఆటగాడు, అనగా ఫ్లైహాఫ్, చివరి నిమిషంలో వచ్చి చేరితే, నైపుణ్యం పెరిగినా వారమంతా సాధనతో కుదిరిన పొందిక చెడవచ్చు. అందువల్ల సీజన్ ఫలితాన్ని అంచనా వేయడానికి పేరుమోసినవారి జాబితా కన్నా, ప్రతివారం బరిలో దిగే సొంత ఆటగాళ్ల సత్తాయే నమ్మదగిన కొలమానం.