‘కొరకు’ నుంచి ‘వలన’కు

వాతావరణ మార్పు దెబ్బతీసిన ప్రజలకు పర్యావరణ న్యాయం జరగడంలో కార్పొరేట్ సంస్థలు తోడ్పడగలవా? ఇది ఆర్థికవేత్తలకు వదిలేయవలసిన ప్రశ్న అని చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. ఇందులో భాష సమస్య ఉంది. కనుక రచయితల బాధ్యతా ఉంది. ఈ సంగతి నాకు నా తప్పు ద్వారానే తెలిసింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. అప్పుడు నేను పనిచేస్తున్న బడిలో మత్స్యకారుల పిల్లలే ఎక్కువ. కొన్ని వారాలకు ఒక కంపెనీవారు వచ్చి పుస్తకాల సంచులు పంచారు. సంచిమీద పిల్లవాడు తన పేరు రాసుకునే చోటుకన్నా కంపెనీ పేరే పెద్దది. తమ ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని నన్ను అడిగారు. రాశాను. ప్రకృతి ఆగ్రహించింది, మానవత్వం స్పందించింది అన్న ధోరణిలో మూడు పేజీలు. అది అచ్చయ్యాక ఒక పిల్లవాడి తండ్రి నాతో అన్నాడు: ‘‘సంచి బాగుంది మాస్టారూ. తెప్ప సంగతి ఎవుల్నడగాల?’’

ఆ ప్రశ్నకు నా వ్యాసంలో జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నే లేదు.

తరగతిలో విభక్తులు చెప్పేవాణ్ణి గనుక నా లోపం నాకు వ్యాకరణంలోనే అర్థమైంది. ‘కొరకు, కై’ చతుర్థి. ‘వలన, కంటె, పట్టి’ పంచమి. బాధితుల కొరకు విరాళం, తీరప్రాంతం కొరకు మొక్కలు అంటూ దాతృత్వమంతా చతుర్థిలో నడుస్తుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కనిపిస్తారు, కారణం కనిపించదు. న్యాయం అలా కాదు. ‘ఎవరి వలన?’ అని పంచమిలో అడిగిన తర్వాతే అది మొదలవుతుంది.

మన చట్టాన్నే చూద్దాం. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలుగానీ, టర్నోవరు 1000 కోట్లుగానీ, నికర లాభం 5 కోట్లుగానీ చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పర్యావరణ రక్షణ ఆ జాబితాలో ఉంది. విపత్తు సహాయాన్ని 2019లో చేర్చారు. ఈ డబ్బుతో మంచి పనులు జరగలేదని నేను అనను. అయితే ఆ 2 శాతం దేనిమీద లెక్క? లాభంమీద. హానిమీద కాదు. ఎంత పొగ వదిలినా మూడేళ్లు నష్టాల్లో ఉన్న కంపెనీ బాధ్యత సున్నా. అంటే చట్టం బాధ్యత అన్న మాట వాడింది గాని, దాన్ని చతుర్థిలోనే వాడింది.

దీనికి ఎదురుగా మరో లెక్క ఉంది. పెరూ దేశంలో హువారాజ్ అనే కొండ నగరం. దాని పైన పాల్కాకోచా సరస్సు. 1941లో ఆ సరస్సు గట్టు తెగి నగరంలో పెద్దభాగాన్ని తుడిచిపెట్టింది. భూగోళం వేడెక్కి హిమానీనదం కరిగేకొద్దీ సరస్సు మళ్లీ పెరిగింది. సౌల్ లూసియానో లియుయా అనే రైతు, పర్వత మార్గదర్శి 2015లో జర్మనీ విద్యుత్ సంస్థ ఆర్.డబ్ల్యు.ఇ. మీద ఆ దేశపు కోర్టులోనే దావా వేశాడు. ప్రపంచ పారిశ్రామిక ఉద్గారాల్లో ఆ కంపెనీ చారిత్రక వాటా సుమారు 0.47 శాతమని అంచనా. వరద రక్షణకయ్యే ఖర్చులో అంతే వాటా, అంటే సుమారు 17,000 యూరోలు ఇవ్వమని అతను అడిగాడు. ఒక్క యూరో దానంగా అడగలేదు. ‘నీ వలన ఎంత జరిగిందో అంత’ అన్నాడు.

2025 మే 28న హామ్ నగరంలోని కోర్టు అతని దావాను కొట్టివేసింది. అతని ఇంటికి వరద ముప్పు తగినంతగా రుజువు కాలేదంది. కానీ భారీ ఉద్గారాలకు కారణమైన కంపెనీ ఎంత దూరాన ఉన్న హానికైనా సూత్రప్రాయంగా బాధ్యత వహించవలసి రావచ్చునని అదే తీర్పు ఒప్పుకుంది. రైతు ఓడిపోయాడు, పంచమి గెలిచింది.

ఆ పంచమి అంటే బలవంతులకు ఎంత భయమో 2015 పారిస్ ఒప్పందంలోనే కనిపిస్తుంది. నష్టం, హాని గురించి 8వ అధికరణం పెట్టారు. వెంటనే, అది చట్టబద్ధ బాధ్యతకు గాని నష్టపరిహారానికి గాని ఆధారం కాబోదని తోడు తీర్మానంలో రాసుకున్నారు. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో నష్టాల నిధికి ఒప్పుకున్నారు. అందులో డబ్బు వేయడం మాత్రం ఇచ్చేవారి ఇష్టం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: మునిగిపోతున్నవాడు తాడు ఎవరిదని అడుగుతాడా? అడగడు, అడగనక్కరలేదు కూడా. సంచి పుచ్చుకున్న పిల్లవాడిది తప్పు కాదు. గట్టుమీద నిలబడి తాడును పొగిడి, పడవకు చిల్లు ఎలా పడిందో రాయని వాడిది తప్పు. ఫలానా తుపాను ఫలానా పొగగొట్టం వలననే వచ్చిందని రాయమని కూడా నేను చెప్పడం లేదు. అది శాస్త్రం కాదు. ఉప్పాడ తీరం కోసుకుపోవడంలో సముద్రమట్టం ఒక్కటే లేదు. ఆనకట్టల వెనుక ఆగిపోయిన గోదావరి ఒండ్రు కూడా ఉంది. పంచమి వాడేవాడు కారణాలను కచ్చితంగా తూచాలి. నినాదంకన్నా అది కష్టమైన పని.

కార్పొరేట్ తోడ్పాటు న్యాయమయ్యేది ఎప్పుడు? హానిని బట్టి వాటా కట్టినప్పుడు, కారణాన్ని ఆపినప్పుడు, డబ్బుతోపాటు మౌనాన్ని కొనుక్కోనప్పుడు. అన్నిటికన్నా ముందు, నిర్ణయం బాధితుల చేతిలో ఉన్నప్పుడు. 1982లో అమెరికాలోని వారెన్ కౌంటీలో, విషపు మట్టిని తమ ఊరి పక్కన పూడ్చవద్దని రోడ్డుకు అడ్డంగా పడుకున్న నల్లజాతి ప్రజల పోరాటం పర్యావరణ న్యాయ ఉద్యమానికి ఊపిరి పోసింది. 1991లో వాషింగ్టన్ మహాసభ ఆమోదించిన 17 సూత్రాల్లో, నిర్ణయాల ప్రతి దశలోనూ సమాన భాగస్వామ్యం ప్రజల హక్కు అని ఒకటి. వాళ్లు మెరుగైన సంచులు అడగలేదు.

మన కథల్లో, కవితల్లో సముద్రం ఎన్నాళ్లు ఆగ్రహిస్తుంది? ఆకాశం ఎన్నాళ్లు కన్నెర్ర చేస్తుంది? ఆ క్రియలకు ప్రకృతిని కర్తగా నిలబెట్టినంతకాలం అసలు కర్తకు మనం చాటునిస్తున్నట్లే. నేను మూడు పేజీలలో చేసింది అదే. ఆ తండ్రికి ఇప్పటికీ నేనొక వ్యాసం బాకీ ఉన్నాను. ఇది దాని మొదటి కిస్తీ.