ముందు పట్టడం, తర్వాతే విసరడం

హోసూరు చుట్టుపక్కల బడుల్లో 30 ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. హ్యాండ్‌బాల్ అనే ఆట పేరు నేను మొదట విన్నది 1982 ఢిల్లీ ఏషియాడ్ రోజుల్లో. పిల్లలకు దాన్ని ఎలా నేర్పాలో రాయమని సంఘం వారు అడగ్గానే, ముందుగా నేను చేసిన పొరపాటే గుర్తుకొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో తరగతి పిల్లల్ని రెండు జట్లు చేసి, పెద్దవాళ్ళ బంతి చేతికిచ్చి ఆడమన్నాను. పావుగంటలో ఒక అమ్మాయి వేలు బెణికింది. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి, "అయ్యోరా, మా పాపకి ఇంక ఆటలొద్దు" అన్నాడు. ఆ ఏడాదంతా ఆ పిల్ల వేపచెట్టు కింద కూర్చుని మిగతావాళ్ళ చెప్పులకు కాపలా కాసింది.

తప్పు పిల్లది కాదు. మగవాళ్ళ బంతి చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 425 నుంచి 475 గ్రాములు. చిన్నపిల్లలకు నిబంధనల్లో ఉన్న బంతి 50-52 సెంటీమీటర్లు, 290-330 గ్రాములే. నేను దానికంటే ముందు గుడ్డబంతితో మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. పాత గుడ్డలు చుట్టి దారం బిగిస్తే చాలు. తరగతికి ఇరవై తయారవుతాయి, ఎవరూ వరసలో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూడక్కర్లేదు.

మొదట నేర్పాల్సింది పట్టడం. వేళ్ళ కొనలు బంతి వైపు పొడుచుకుని ఉంటే దెబ్బ తగులుతుంది. అరచేతులు బంతికి ఎదురుగా, వేళ్ళు విచ్చుకుని పైకి, రెండు బొటనవేళ్ళూ దాదాపు ఆనుకుని ఉండాలి. బంతి తగలగానే చేతుల్ని గుండెల వైపు వెనక్కి తీసుకోవాలి. మరుసటి ఏడు ఆ అమ్మాయిని రెండడుగుల దూరంలో నిలబెట్టి, గుడ్డబంతిని మెల్లగా అందించాను. మొదటి వారం కళ్ళు మూసుకునే పట్టింది. కళ్ళు తెరిచాకే దూరం పెంచాను.

విసరడానికి మనకు ఏడుపెంకులాట ఉండనే ఉంది. కుడిచేత్తో విసిరేవాళ్ళకు ఎడమకాలు ముందు, మోచెయ్యి భుజం కంటే కిందికి దిగకూడదు. నడుము తిప్పి, చివర్లో మణికట్టు విదిలించాలి. చేతి బలంతోనే విసిరే పిల్లలకు భుజం నొప్పి తప్పదు.

ఇక అడుగులు. బంతి పట్టుకుని మూడడుగులకు మించి వెయ్యకూడదు, మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదు. కుడిచేతి వాళ్ళకు ఎడమ, కుడి, ఎడమ, విసురు. మా హోసూరులో ఈ లెక్క ఒక తమాషా. ఒకడు "ఒకటి, రెండు, మూడు" అంటే, ఇంకొకడు "ఒందు, ఎరడు, మూరు" అంటాడు, వేరొకడు "ఒణ్ణు, రెండు, మూణు" అంటాడు. నేను ఏదీ దిద్దలేదు. ఇంటిభాషలో లెక్కపెట్టిన పిల్లవాడి కాళ్ళు తడబడలేదు మరి.

ఆటస్థలం 40 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు ఉండాలంటారు. మా బడిలో అందులో సగం కూడా లేదు. అయినా లోటు కనిపించలేదు. గోడ మీద 3 మీటర్లు వెడల్పు, 2 మీటర్లు ఎత్తు సుద్దతో గీస్తే అదే గోలు. దానికి 6 మీటర్ల దూరంలో గీత, ఆ లోపల గోల్‌కీపర్ ఒక్కడే నిలబడాలి. కాని ఆ సుద్దగీతలు చివరి వారం దాకా గియ్యకండి. గీశారో, ఒక్కడు కూడా పక్కవాడికి బంతి ఇవ్వడు.