నీటిపన్నును కుళాయి రుసుమును

గృహములకు మంచినీరు సరఫరా చేయుటకై స్థానిక సంస్థలు ప్రజలనుండి ధనము రెండు విధములుగా వసూలు చేయుచుండును. మొదటిది పన్ను; రెండవది రుసుము. వీని భేదము నెఱుంగక చేసిన విధింపు పేదలకు భారమును, ఊరికి రోగభయమును కలిగించును.

పన్ను ఇంటి విలువనుబట్టి యుండును. 1920 సంవత్సరపు మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము క్రింద నీటి, మురుగు పారుదల పన్ను ఆస్తిపన్నులో నొక భాగమై యుండెను. ఇంటి వార్షికపుటద్దె విలువయే దానికాధారము. వాడిన నీటి పరిమాణముతో దానికి నిమిత్తము లేదు. కలరా యొక వీధిలో పుట్టిన ఊరంతయు వ్యాపింపవచ్చును గావున, శుద్ధజలము వలని లాభము అందఱిదియు, భారమును అందఱిదియే.

రుసుము వాడిన నీటినిబట్టి మీటరు ప్రకారము విధింపబడును. ఇందువలన దుర్వ్యయము తగ్గును. అయితే దినమునకు కొలది గంటలే నీరు విడుచు పట్టణములలో గొట్టములందలి గాలియు మీటరును త్రిప్పవచ్చును గనుక, బిల్లు హెచ్చెనను ఫిర్యాదును విచారింపక త్రోసివేయరాదు.

ఉచిత పరిమితిని కుళాయికింత యని నిర్ణయించుటలోను చిక్కు కలదు. హైదరాబాదులో 2021 జనవరిలో నెలకు 20,000 లీటర్ల వఱకు గృహములకు ఉచితముగ నిచ్చు పథకము ప్రారంభింపబడెను. ఆ పరిమాణము దినమునకు సుమారు 667 లీటర్లు. ఐదుగురున్న యింట తలకు 133 లీటర్లు వచ్చును. భూగర్భ మురుగు కాలువలు గల నగరములకు నిర్దేశింపబడిన 135 లీటర్లకిది సమీపము. కాని పదిమంది యొకే కుళాయిపై నాధారపడినచో తలకు 67 లీటర్లే యగును. సాధారణముగ ఇట్లు ఇఱుకుగ నివసించువారు పేదలే.

రుసుము బొత్తిగా వసూలు కానిచో గొట్టముల మరమ్మతు నిలిచిపోవును. నీరు లేని వేళ పగుళ్లగుండ మురుగు లోనికి చొచ్చును. బాకీకై కుళాయిని త్రెంచినచో ఆ కుటుంబము చెఱువునకో గుంటకో పోవును. రోగము మరల ఊరికే వచ్చును. కావున బాకీని వాయిదాలపై రాబట్టుటయు, వీధికుళాయిని మూయకుండుటయు ఉచితము. మీటరు లెక్కతోపాటు ఇంటిలోని తలల లెక్కయు అధికారులు చూడవలెను.